తలుపు ఎవరు తీశారు?

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. పొద్దెక్కినా వెలుగు చాలక, గుండీలు కుట్టే షెడ్డులో దీపాలన్నీ వేశారు. ఆ దీపాల కింద చదువరి తన ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చుని, పుస్తకం తెరవకుండానే పక్కన పెట్టాడు.

"ఇవాళ్టికి కథ లేదు" అన్నాడు.

సూదులన్నీ ఒక్కసారి ఆగాయి.

"ఏం అన్నయ్యా, గొంతు అరువిచ్చి వచ్చారా?" అంది కత్తెర. ఆమె చేతిలో ఎప్పుడూ కత్తెర ఉండే మాట నిజమేగాని, ఆ పేరు మాత్రం నోటిని బట్టి వచ్చింది.

"మిగిలింది ఆఖరి అధ్యాయం. దానికి ముందు ఊరించడం మీ షెడ్డు ఆనవాయితీయేగా! రేపు చూద్దాం."

ఆనవాయితీ సంగతి నిజమే. చొక్కాలకు కాజాలు తీసి గుండీలు కుట్టే ఆ ఆడవాళ్ల చేతులు ఆడుతున్నంతసేపూ నోళ్లు ఆడకుండా ఉండాలని, యజమాని జీతానికి ఒక మనిషిని పెట్టి కథలు చదివిస్తాడు. కథ చివరికొచ్చాక చదువరి పుస్తకం మూసేసి వాళ్లను ఉడికించాలి. వాళ్లు తిట్టాలి, బతిమాలాలి, పందేలు కాయాలి. పనిలో ఉన్న సరదా అదొక్కటే.

కానీ ఇవాళ ఎవరూ తిట్టలేదు, బతిమాలలేదు.

"ఊరించొద్దు నాయనా. ఇవాళే చదువు" అంది పెద్దమ్మ. షెడ్డులో అందరికన్నా పాత మనిషి ఆమె. సూదిలో దారం ఎక్కించి పెట్టాల్సింది పక్కవాళ్లే అయినా, ఆమె మాట దాటేవాళ్లు లేరు.

చదువరికి ఊరించడం మీద సరదా ఏమీ లేదు. పనిలో చేరిన రోజునే వాళ్లు ఆ పుస్తకం చేతిలో పెట్టి మొదటి నుంచి చదవమన్నారు. భార్య పోయి ఒంటరిగా బతికే ముసలాయన కథ అది. చివరికి జ్వరంతో మంచాన పడ్డాడు. ఆ తర్వాతేమిటో చదువరి ఇంటి దగ్గర ముందే చూసుకున్నాడు. చూసుకున్నాక ముద్ద దిగలేదు. అతని భార్య పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇంటికి తాళం వేసేదీ తీసేదీ ఇప్పుడు అతనొక్కడే.

"అంత చెప్పుకోవాల్సింది ఏముంది పెద్దమ్మా? ముసలాయన పోతాడు. అంతే."

"పోక, జ్వరంతో పడుకున్నవాడు లేచి పెళ్లి చేసుకుంటాడా?" అంది కత్తెర. మామూలుగా అయితే షెడ్డు గొల్లుమనేది. ఇవాళ ఒక్కరి పెదవీ కదలలేదు.

"పోతాడని మాకూ తెలుసు" అంది పెద్దమ్మ. "తలుపు ఎవరు తీశారు? అది చెప్పు."

సరిగ్గా ఆ మాట దగ్గరే రాత్రి చదువరి పుస్తకం మూసేశాడు. ఇక తప్పదని తెరిచాడు. ఆఖరి అధ్యాయం మొదటి పేజీ ఉన్నదున్నట్టే చదివాడు. ముసలాయన మంచినీళ్ల కోసం చెయ్యి చాపుతాడు, చెంబు అందదు. పేజీ తిప్పాడు. ఎవరూ రాలేదని రాసి ఉంది. ఎన్నాళ్లకో తలుపు పగలగొట్టారని రాసి ఉంది. రాసినాయన అంతకు మించి ఒక్క మాట ఖర్చు పెట్టలేదు.

ఆ అక్షరాల మీదే చూపు నిలిపి, చదువరి వేరే కథ చెప్పాడు.

"ఆ పూట ఆయన వీధిలో కనబడలేదు. ఎదురింటావిడకు మనసు మనసులో లేదు. పొయ్యి మీద గిన్నె దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు తట్టింది. లోపలి నుంచి ఆయన పలకలేదు. 'ఆయనెప్పుడూ ఇట్లా చెయ్యడు' అంటూ నలుగురినీ కేకేసింది..."

ఆపకుండా చెబుతూ పోయాడు. వాళ్లు తలుపు తోసుకుని వచ్చారు. ఒకరు నీళ్లు తాగించారు. ఒకరు పాదాలు రుద్దారు. ఎదురింటావిడ చెయ్యి పట్టుకుని ఉండగా ముసలాయన కళ్లు మూశాడు. లేని మాటలు పుస్తకంలోంచి చదవడం అతనికి ఇదే మొదలు. తన ఇంటి తలుపే ఎవరో తట్టినట్టయింది.

పుస్తకం మూశాడు. నిట్టూర్పులు వినబడతాయనుకున్నాడు. ఒకామెకు సూది గుచ్చుకుని తెల్ల చొక్కా మీద ఎర్రటి చుక్క పడింది. ఆమె చూసుకోలేదు. కత్తెర కాజాకు సరిపడని చోట గుండీ కుడుతోంది.

మధ్యాహ్నం గంట కొట్టారు. రోజూ వాళ్లు జట్లు జట్లుగా కూర్చునేవాళ్లు. చదువరి కిటికీ కింద గోడకేసి తిరిగి తినేవాడు. ఇవాళ పీటలన్నీ ఈడ్చుకుంటూ వచ్చి అతని చుట్టూ చేరారు. ఎవరో అడక్కుండానే అతని గిన్నెలో కూర వేశారు. ఇంకెవరో మంచినీళ్ల చెంబు దగ్గరగా జరిపారు. తినడం మొదలుపెట్టారు.

భార్య పోయాక పక్కన మనిషి కూర్చుని తినడం చూడటం అతనికి ఇదే మొదటిసారి. అబద్ధమైనా మంచి పనే చేశాననుకున్నాడు.

"ముగింపు బాగుందా పెద్దమ్మా?" అని మెల్లగా అడిగాడు.

ఆమె తలెత్తలేదు. కలిపిన ముద్దనే మళ్లీ మళ్లీ కలుపుతోంది.

"నీకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయనా నీలాగే ఒంటరి మనిషి, నాయనా. ఈ పుస్తకమే చదువుతూ, ఈ అధ్యాయం ముందే ఆపి వెళ్లి మళ్లీ రాలేదు. మమ్మల్ని ఊరిస్తున్నాడనుకున్నాం. వాళ్ల వీధిలో వాసన వచ్చేదాకా ఇక్కడ పందేలు కాసుకుంటూ నవ్వుతూనే ఉన్నాం."