మంటలేని మందు

"రాసినవా?"

"రాసిన అత్తమ్మా."

"ఎక్కడ రాసినవ్? నాకైతే ఏం తెలుస్తలేదు."

స్వాతి ట్యూబుకు మూత బిగించింది. ముత్తక్క రవిక భుజం మీదికి లాక్కుంటూ కోడలి చేతి వైపు ఓరగా చూసింది. వేళ్లు జిడ్డుగా మెరుస్తున్నాయి. తన వేళ్లకు తాను పూసుకోవడం ఎవరికి రాదు అనుకుంది మనసులో.

ముత్తక్కకు కుడి రెక్క వెనుక నొప్పి. ముప్పై ఏళ్లు ప్రాణహిత ఒడ్డున నాట్లు వేసిన ఒళ్లు అది. చెయ్యి వెనక్కి తిరగదు కాబట్టి మందు రాయడానికి కోడలే దిక్కు. నిరుడు ఇదే క్రీము రాస్తే సురసురమని మంట ఎక్కేది, ఆ వెంటనే నొప్పి కాస్త సర్దుకునేది. ఈ వానాకాలం నుంచి మంట లేదు, సుఖమూ లేదు. ట్యూబు మాత్రం పది రోజులకే అయిపోతోంది.

మరి మందు ఎటు పోతున్నట్టు? స్వాతి పుట్టిన ఊరు బామ్నిలో ఆమె తల్లికి కూడా నడుము నొప్పి. పోయిన నెలలో స్వాతి రెండుసార్లు బామ్ని వెళ్లి వచ్చింది.

పొరుగింటి యాదక్క మోకాలికి అదే క్రీము వాడుతుంది. ఒకరోజు ముత్తక్క ఆమె ట్యూబు అడిగి, చిటికెడు తన ఎడమ మోచేతికి రాసుకుంది. కాసేపట్లో మిరపకాయ రుద్దినట్టు మండింది.

"గీ మందు గింత మండుతదా?"

"మండకుంటే అదేం మందు?" అంది యాదక్క. "నీ కోడలు పైపైన తుడుస్తుందేమో సూడు. ముసలోళ్ల ఒళ్లు ముట్టాలంటే ఈ కాలం పిల్లలకు అసయ్యం."

తల్లికి పంపుతోందన్న అనుమానం కన్నా ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది.

మరునాడు ముత్తక్క ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి సిరోంచ వెళ్లింది. గోపాల్‌రావు మందుల దుకాణం ముందు నిలబడి, "నొప్పికి క్రీము వద్దు. మనిషి చేతితోని పనిలేని మందుంటే ఇయ్యి" అంది.

"అయితే పట్టీలు తీస్కపో అక్కా. ఒక్కపారి అంటిస్తే పొద్దుందాక వేడి ఇస్తనే ఉంటది. క్రీమైతే జర సేపట్లనే ఆరిపోతది. కాని తోలు మండితే ఎంటనే తీసెయ్యాలె. మర్వకు."

"మండుడే గద నాకు కావల్సింది."

పాకెట్ తన చేతులతోనే చింపింది. అంటించడానికి మాత్రం మళ్లీ స్వాతినే పిలవక తప్పలేదు. ఇక పొద్దంతా వేడి కోసం కాచుకుని కూర్చుంది. లోపల నొప్పి లోపలే ఉంది. పైన వేడి మాత్రం పుట్టలేదు. సాయంత్రం పట్టీ ఊడదీసిన స్వాతి ఉలిక్కిపడింది.

"అత్తమ్మా! తోలంత కమిలి ఎర్రగైంది. మండలేదా?"

"మండితే చెప్పనా? ఏం పట్టీ అంటించినవే నువ్వు?"

"నువ్వు తెచ్చిందే." స్వాతి గొంతు తగ్గించింది. "అత్తమ్మా, ఇక్కడ తెల్లగ మచ్చ కూడ ఉన్నది. నా అరచెయ్యంత అయింది. ఒకపారి దవాఖానకు పోదాం."

మచ్చట! ఎండలో వంగి పని చేసిన వీపుకు మచ్చలుండవా? వీపు తనకు కనిపించదు కాబట్టి ఏం చెప్పినా చెల్లుతుంది. మందు పని చేయకుండా చూడడం, రోగం అంటగట్టడం, దవాఖానలో పడేయడం, ఇంట్లో పెత్తనం చేతికి తీసుకోవడం. ముత్తక్కకు లెక్క మొత్తం తేలిపోయింది.

వాకిట్లో ట్రాక్టరు కడుగుతున్న కొడుకు దగ్గరికి వెళ్లింది.

"నీ పెండ్లాం నన్ను మోసం చేస్తున్నది రా."

వెంకటేశ్వర్ బకెట్ కింద పెట్టాడు. "ఏందమ్మా గట్లంటవ్? రోజూ నీకు మందు రాస్తనే ఉంది గద."

"నేను చెప్పుడెందుకు? నీ కండ్లతోని నువ్వే చూడు."

నాలుగు రోజులు గడిచాయి. కమిలిన తోలు కాస్త చల్లబడింది. ఆదివారం మధ్యాహ్నం ముత్తక్క గోడ వైపు ముఖం పెట్టి పీట మీద కూర్చుని, భుజం మీద రవిక జార్చింది. వెంకటేశ్వర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇగ రాయి" అంది కోడలితో.

"మెల్లగ రాస్త అత్తమ్మా. తోలు ఇంక పచ్చిగనే ఉన్నది."

సాకులు మొదలయ్యాయి అనుకుంది ముత్తక్క. ట్యూబు మూత తీసిన చప్పుడు వినిపించింది. మందు ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊపిరి బిగబట్టి కోడలి చెయ్యి కోసం ఎదురుచూసింది. గోడ మీద చీమలు ఒకదాని వెనుక ఒకటి పగులులోకి దూరుతున్నాయి. అన్నీ దూరిపోయాయి. చెయ్యి మాత్రం పడలేదు.

గెలిచినందుకు సంతోషం కలగాలి. కాని కలగలేదు. ఈ పిల్ల కాన్పుకు నలభై రోజులు తానే నీళ్లు పోసింది కదా. తన ఒళ్లు దీనికి అంత రోతగా ఉందా?

"చూసినవా రా? ఊకనే నిలబడ్డది. నన్ను ముట్టాలంటే అసయ్యం దీనికి."

ముత్తక్క గుమ్మం వైపు చెవి పెట్టింది.

"మాట్లాడవేంది? పెండ్లామని ఎన్కేసుకొస్తున్నవా?"

వెంకటేశ్వర్ గుమ్మం దిగి దగ్గరికి వచ్చిన అడుగులు వినిపించాయి. అతను తల్లి వీపును, దాని మీద కదులుతున్న భార్య చేతిని చూశాడు.

"అమ్మా, అది రాస్తనే ఉన్నది."