మామకు పెట్టే ధోతి

"సోమక్కా, మరక పడ్డది," అన్నాడు పాండురంగం గోడ మీదుగా. భయానికి గొంతు సగమే పలికింది.

"మేక పడ్డదా? ఏ బాయిల?" అంటూ పక్కింటి సోమక్క చేదతాడు పట్టుకొని పరుగెత్తుకొచ్చింది.

"మేక గాదు, మరక. మా మామకు పెట్టే ధోతి మీద."

సోమక్క తాడు కింద పడేసింది. "మేకనే పడితే బాగుండు పాండూ. తీసేటోళ్ళం."

ఆమె మాటలో అబద్ధం లేదు. పెళ్ళిలో తనకు పెట్టిన ధోతికి మరక ఉందని అలిగిన వీరభద్రం మామ, మూడేండ్లుగా కూతురి గడప తొక్కలేదు. పాండురంగం భార్య కళావతి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, చివరికి మెత్తబడి ఇవాళ వర్ధన్నపేట నుంచి మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాడు. కళావతి బజారు పని చూసుకొని, అటునుంచి అటే బస్టాండుకు పోతానని బయలుదేరింది. "బాపు ఈసారి అలిగిండంటే మళ్ళ నా మొగం చూడడు. ధోతి పైలం," అని మరీ చెప్పి పోయింది.

పైలంగానే ఉండాలని పాండురంగం ఆ ధోతి పక్కనే కూర్చొని మామిడికాయ పప్పుతో అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కొని వచ్చి చూస్తే, ధోతి మూలన వేలిముద్రంత మరక. అచ్చం పప్పు రంగు.

"జర సబ్బు పెట్టి రుద్దు," అంది సోమక్క.

రుద్దాడు. పచ్చటి మరక చూస్తుండగానే నెత్తుటి రంగుకు తిరిగింది. ధోతి తెల్లబడలేదు గానీ పాండురంగం తెల్లబోయాడు.

"ఎర్రగైంది సోమక్కా. మామ చూస్తే ఇంట్ల ఖూనీ అయిందంటడు."

"పరేషాన్ గాకు. నిమ్మకాయ పిండు."

పిండాడు. మళ్ళీ పచ్చబడింది. సబ్బు పెడితే ఎరుపు, నిమ్మకాయ పెడితే పచ్చ. కాజీపేట సిగ్నలు కూడా ఇన్నిసార్లు రంగు మార్చదు.

"ఇగ ఎండల ఏయి. సూర్యుని మించిన సబ్బు లేదు," అంది సోమక్క.

బండ మీద పరిచి, కాకి రాకుండా కాపలా కూర్చున్నాడు. వీధిలో జట్కా చప్పుడైతే చాలు, లేచి గుమ్మంలోంచి తొంగిచూసేవాడు. ధోతి ఆరకముందే మామ దిగితే ఆరా తీస్తాడు. ఏమని చెప్పాలి? నిమ్మరసం చల్లుతూ, తిరగేస్తూ, మధ్యమధ్య మొక్కుకుంటూ గంటన్నర ఎండలో మాడాడు. మరక పలచబడి, పలచబడి, మాయమైంది.

అంతటితో భయం తీరలేదు. నీలిమందు కలపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే ధోతి కాస్తా శ్రీకృష్ణుడవుతుంది. లెక్కబెట్టి మూడే చుక్కలు వేశాడు. గంజి పెట్టాడు. మళ్ళీ ఆరబెట్టి, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేశాడు. చివరి మడత పెట్టేసరికి గుమ్మం ముందు జట్కా ఆగింది.

వీరభద్రం కాళ్ళు కడుక్కొని పీట మీద కూర్చున్నాడు. కళావతి తండ్రికి బొట్టు పెట్టి, పళ్ళెంలో ధోతి పెట్టి అందించింది. గోడ మీది నుంచి సోమక్క తల బయటికి వచ్చింది.

మామ ధోతి మడతలు విప్పి వెలుతురుకు పట్టాడు. మొదటి మూల చూశాడు. రెండోది చూశాడు. మూడోది చూశాడు. నాలుగో మూల దగ్గర పాండురంగం ఊపిరి బిగబట్టాడు.

"మరక లేదు," అన్నాడు మామ.

పాండురంగం ఊపిరి వదిలాడు. మామ మాత్రం ధోతిని తిప్పి మళ్ళీ మొదటి మూల నుంచి చూడసాగాడు. ఈసారి ఆయన మొహంలో రంగు పోయింది.

"పసుపేది బిడ్డా?" అన్నాడు మెల్లగా. "పసుపు పెట్టని తెల్లబట్ట పీనుగు మీద కప్పుతరు. నేనింక బతికే ఉన్న గద."

"గట్లంటవేంది బాపూ. పొద్దుగాల నేనే మూలకు పెట్టిన," అంటూ కళావతి ధోతి అందుకొని వెతికింది. నాలుగు మూలలూ మల్లెపూవుల్లా ఉన్నాయి.

తండ్రీ కూతుళ్ళు తలెత్తి పాండురంగాన్ని చూశారు. సబ్బుకు, నిమ్మకాయకు తోలు ఊడిన తన వేళ్ళను అతను వెనక దాచుకున్నాడు.

"అది పసుపా?" అన్నాడు. "పప్పనుకున్న మామా. పొద్దటి సంది ఉతికి ఉతికి పోగొట్టిన."