మంచం పక్కన బ్యాటరీ

బుడమేరు విజయవాడను ముంచిన ఏడాది అది. నీళ్లు తీసి నెల దాటింది. పాల ప్యాకెట్ల కోసమని ఆ నీళ్లలోకి దిగిన తారిక్ మాత్రం దొరకలేదు. అతని కారును తమ్ముడు హుమాయూన్ తోయించుకొచ్చి, భవానీపురంలో తన ఇంటి ముందు పెట్టుకున్నాడు.

తెల్లారితే హుమాయూన్ కూతురు ఇఫ్రాకు కాన్పు ఆపరేషన్. పెదనాన్న కారులోనే తీసుకెళ్తానని అతని పట్టు. సాయంత్రం ప్లగ్గులు విప్పి తుడిచాడు. పెట్రోలు అందుతోందో లేదో చూశాడు. సెల్ఫ్ కొడితే మూలిగింది గానీ ఇంజను స్టార్టు కాలేదు.

"నీళ్లు తాగిన బండండీ, మీకన్నా మొండిది. ఆటో చెప్పండి," అంది భార్య వజీరా.

"బ్యాటరీ నీరసించింది. చార్జింగ్ పెడితే లేస్తుంది."

బ్యాటరీ ఊడదీసి లోపలికి తెచ్చి, మంచం పక్కనే చార్జింగ్ పెట్టి పడుకున్నాడు.

రాత్రి రెండింటికి వీధిలో సెల్ఫ్ చప్పుడు. మూడుసార్లు పొట్టిగా. కాస్త ఆగి, నాలుగోది పొడుగ్గా. ఆ కారును అలా లేపేది తారిక్ ఒక్కడే.

హుమాయూన్ చీకట్లో చెయ్యి చాపి తడిమాడు. బ్యాటరీ మంచం పక్కనే ఉంది.

బయట ఇంజను అందుకుంది.

"ఏమండీ, మన కారేనా?" వజీరా లేచి కూర్చుంది.

"పడుకో."

ఇంజను చాలాసేపు నిలకడగా తిరిగి, ఆగిపోయింది.

తెల్లారాక హుమాయూన్ బ్యాటరీ బిగించాడు. తల్లీకూతుళ్లను వెనక కూర్చోబెట్టాడు. తాళంచెవి పెట్టి, డ్రైవరు వైపు తలుపు తెరిచే ఉంచి, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.