ఆగమంటే ఆగని గండు

దేవుణ్ణి తలచుకుని దగ్గరగా జరగండమ్మా, చిన్న కథే.

సూరమ్మ పెరట్లో గండు అనే కుర్రకుక్క ఉండేది. అన్నం పెట్టే ముందు సూరమ్మ రోజూ "కూర్చో, ఆగు" అని నేర్పేది. ముసలికుక్క కర్రెన్న బుద్ధిగా ఆగేవాడు. మన గండు ఆగుతాడా?

"ఆగడానికి నేనేమన్నా గుంజనా తాతా? నాకు ప్రేమెక్కువ!" అని సూరమ్మ మీద పడేవాడు.

ఒక పొద్దున కోడి తన పిల్లల్ని మొదటిసారి నూకలకు తీసుకొచ్చింది. అప్పుడే సూరమ్మ ఊరి నుంచి వచ్చింది. గండు సంబరంగా పరుగెత్తాడు.

"ఆగరా!" అని అరిచింది సూరమ్మ. ఆగడం వస్తే కదమ్మా! వాడి కాళ్ల కింద ఒక కోడిపిల్ల నలిగి చచ్చిపోయింది.

"కోడత్తా, కావాలని తొక్కలేదు" అంటూ గండు కోడి వైపు నడిచాడు. కోడి తిట్టలేదు. గద్దను చూసినట్టు కేకపెట్టి, మిగిలిన పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

గండు అక్కడే కూలబడ్డాడు. కర్రెన్న పక్కన చేరాడు.

"నేర్చుకుంటాను తాతా. అప్పుడైనా అత్త నన్ను దగ్గరికి రానిస్తుందా?"

కర్రెన్న కోడి రెక్కల కిందికి చూశాడు.

"రానివ్వకపోయినా నేర్చుకోరా" అన్నాడు. "ఇంకా పిల్లలున్నాయి."