బస్సు పోతే పోనీ

బేత్లెహేం చెక్‌పోస్టు అవతల పాలస్తీనా అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు బస్సు కదలబోతోంది. పరుగుకు జుమానా మడమ లేచేసరికి నాన్న ఆమె మణికట్టు పట్టేశాడు.

"వదులు నాన్నా. నేను లేకపోతే గోల్ కొట్టేదెవరు?"

"బస్సు పోతే పోనీ. నడువు. చేతులు కనబడనీ."

చిన్నప్పట్నుంచీ ఆయన నోట ఇదే మాట, పరుగెత్తొద్దని. తన ఆటంటే గిట్టదనుకునేది జుమానా. ఇప్పుడు ఆయన చూపు వెంట తలెత్తింది. చెక్‌పోస్టు బురుజు మీది సైనికుడి తుపాకీ వాళ్లతోపాటే మెల్లగా తిరుగుతోంది.

"అందుకేనా నాన్నా, ఇన్నేళ్లూ?"

ఆయన మలుపు తిరిగి, బురుజు కనుమరుగయ్యాకే చెయ్యి వదిలాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ పోతోంది.

"ఇప్పుడు పరుగెత్తు తల్లీ. నీ కాళ్ల ముందు ఆ బస్సెంత."