నాయన ఉన్న ఫోటోలు

“దీంట్లో నాయన యాడుండాడమ్మా?” శశికళ మౌస్ వదిలేసి కణతలు నొక్కుకుంది.

తెర మీద, బంగారు గని మట్టి పోసిన సయనైడ్ దిబ్బ ముందు నిలబడింది ఇద్దరే. తల్లి తాయమ్మ, మేనత్త చెన్నమ్మ. మేనత్త చంకలో ఏడుపు ముఖంతో ఏడాది పిల్ల శశికళ.

“ఉండాడు. ఆయన పేరు కూడా రాయి,” అంది తాయమ్మ.

ఊరిగాం గని క్వార్టర్సులో తల్లీకూతుళ్లు కంప్యూటర్ ముందు కూర్చోవడం ఇది మూడో రోజు. పోయిన వారమే శశికళ పాత ఆల్బమ్ ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి శుభ్రం చేసింది. చెదలు తిన్న అసలు ఫోటోలను పొయ్యిలో వేసేసింది. ఇప్పుడు ఒక్కోదానికీ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని కీవర్డులు తగిలించాలి. పేరు కొడితే పోయిన మనిషైనా కనబడతాడని విన్నప్పటినుంచి తాయమ్మకు కునుకు లేదు. చూపు మసకైనా, దూరం నుంచే ఏ ఫోటో ఏదో చెప్పేస్తోంది.

“లేనోళ్ల పేరు రాస్తే అంతా కలగాపులగమైపోతాది. ఫోటో తీసేది నాయనే కదమ్మా. కెమెరా ఇంగొకరి చేతికి ఇచ్చినాడా ఎప్పుడన్నా?”

“ఇయ్యలా. అయినా పడినాడు.”

 మొన్న అమ్మ పాలు పొయ్యి మీద మరిచింది, అనుకుంది శశికళ. ఇప్పుడు ఇది. కోలారుకు తీసుకుపోయి డాక్టరుకు చూపించాల్సిందే.

“సరేలే, నీ ఇష్టం.” వాదించే ఓపిక లేక, తల్లి చెప్పిన ఫోటోలన్నిటికీ నాయన పేరు ‘ముత్యాలప్ప’ అని తగిలించి, ఆ పేరు కొట్టి వెతికింది. “ఇదో, నలభై వచ్చినాయి. యాడుండాడో చూపించు.”

తాయమ్మ కళ్లజోడు కొంగుతో తుడుచుకుని తెరకు ముఖం ఆనించింది. ఒక ఫోటో అడుగున వేలితో తడిమింది. ఇంకొకటి. ఇంకొకటి. 

“పొద్దు వీపుకు పెట్టుకొనే తీసేటోడు మీ నాయన. ఆ నీడ వచ్చి మా కాళ్ల మీద పడేది. టోపీ కూడా తెలిసేది. కనబడలేదే. కిందకి జరుపు పాపా, ఇంకొంచెం కిందకి.”

జరపడానికి కింద ఏమీ లేదు. ప్రతి ఫోటో అడుగునా ఉన్న ఆ నల్ల మరకను, శుభ్రం చేస్తూ, శశికళే కత్తిరించి పారేసింది.