అద్దె బుర్ర

"స్నాప్‌షాట్‌కీ బ్యాకప్‌కీ తేడా తెలియని వెధవలందరూ హైదరాబాదులో సిస్టమ్ అడ్మిన్లే" అన్నాడు రాంప్రసాద్ ల్యాప్‌టాప్ తెరుస్తూ.

తిరువూరులో హనుమయ్యగారి ఎరువుల కొట్టు మీద రెండు గదుల వాటా అతనిది. చేసేది జాబ్ సపోర్టు. అంటే పని రానివాడికి ఉద్యోగం ఉంటుంది, పని వచ్చిన రాంప్రసాద్ ఇంట్లో కూర్చుని అది చేసిపెడతాడు, అంతకుముందు ఇంటర్వ్యూలో జవాబులూ అందిస్తాడు. ఎవరికి చేస్తున్నాడో కట్టుకున్నదానికి కూడా చెప్పకూడదని ఈ బేరాలు కుదిర్చే కన్సల్టెన్సీవాళ్ల షరతు.

సాయిదుర్గ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఏవండీ, పదింటికి నాకూ పనుంది. కాస్త నెమ్మదిగా మాట్లాడండి."

"నీ టైపింగుకి నా మాటలేం అడ్డం?"

భార్య ఏదో కంపెనీకి టైపింగు చేస్తుందని అందరికీ చెబుతాడు. ఆ ఏదో ఏంటని ఒక్కరోజూ అడిగిన పాపాన పోలేదు. ఆమె పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఇవాళ అభిలాష్ అనే కుర్రాడి ఇంటర్వ్యూ. రెండు వందల వర్చువల్ డెస్క్‌టాప్‌లు చూసుకునే ఉద్యోగం. ఉద్యోగుల బల్లల మీద తెరలు మాత్రమే ఉంటాయి, కంప్యూటర్లన్నీ ఎక్కడో ఒక పెద్ద సర్వరులో ఉంటాయి. అభిలాష్‌కి ఈ ముక్క తెలిసింది కూడా నిన్నే. ఈ నెలలో రాంప్రసాద్ జవాబులు అందించినవాళ్లలో ఇద్దరు అప్పటికే తప్పారు. మూడోవాడూ తప్పితే ఇక నీకు పని ఇవ్వం అని కన్సల్టెన్సీ చెప్పేసింది.

పద్ధతి సులువే. అభిలాష్ పక్కన ఫోను ఆన్‌లో ఉంటుంది, రాంప్రసాద్ ఇక్కడ వింటాడు. ఇతను టైపు చేసింది అక్కడ తెర మూల కనిపిస్తుంది. అభిలాష్ చదువుతాడు.

ఇంటర్వ్యూ చేసేది సతీష్‌కుమార్ అనే మేనేజరు. గొంతులో బోలెడు దర్పం. "స్నాప్‌షాట్ ఎన్నాళ్లు ఉంచొచ్చు?"

"రెండు మూడు రోజులు సార్. అది మెషిన్ ఆ క్షణానికి ఎలా ఉందో గుర్తు పెట్టుకోవడమే, బ్యాకప్ కాదు. వదిలేస్తే పెరిగిపోయి డిస్కంతా మింగేస్తుంది. ఇక్కడ కాస్త ఆలోచించినట్టు నటించు" అని చదివేశాడు అభిలాష్.

రాంప్రసాద్ తల పట్టుకున్నాడు. పక్క గదిలో సాయిదుర్గ కిసుక్కున నవ్వింది. ఏ రీలో చూస్తూ ఉంటుంది, పైగా పనంట అనుకున్నాడు.

సతీష్‌కుమార్ మాత్రం ఏమీ పట్టనట్టు "గుడ్" అన్నాడు. కాసేపాగి మళ్లీ అడిగాడు. "పొద్దున తొమ్మిదింటికి అందరూ ఒకేసారి లాగిన్ అవుతారు. అన్నీ నత్తనడక. ఏం చేస్తారు?"

"ఎనిమిదిన్నర నుంచే విడతలవారీగా ఆన్ చేసి పెడతాను సార్."

"ఒక్కోదానికి ప్రాసెసర్లు పెంచొచ్చుగా?"

రాంప్రసాద్ నిటారుగా కూర్చున్నాడు. అవసరానికి మించి ఇస్తే మెషిన్లు వంతు కోసం కాచుకుని ఇంకా నెమ్మదిస్తాయి. సర్వరు ముందు కూర్చుని ఏడ్చినవాడికే తట్టే ప్రశ్న అది. జన్మలో మొదటిసారి అతనికి ఇంకొకడి మీద గౌరవం కలిగింది.

జవాబు సగంలో ఉండగా కరెంటు పోయింది. నెట్టు డబ్బాని ఇన్వర్టరుకి కలపమని సాయిదుర్గ చెప్పి నెలైంది. ఫోన్లో నెట్టా, ఆ గోడల మధ్య మాటలు వినపడటమే గొప్ప.

అభిలాష్ తెర మూలకి ఏమీ చేరలేదు. తన పని అయిపోయిందనుకున్నాడు రాంప్రసాద్. వింతగా సతీష్‌కుమార్ జవాబు కోసం పట్టుబట్టలేదు. మీది ఏ ఊరన్నాడు. ఎ.కొండూరని అభిలాష్ చెబితే, అక్కడ వానలు పడుతున్నాయా అన్నాడు. మీ నాన్నగారు ఏం వేశారన్నాడు. అభిలాష్ మిరప గురించి ధారాళంగా చెప్పాడు, అది సొంత తెలివి.

పది నిమిషాలకి కరెంటొచ్చింది. నెట్టు డబ్బా లైట్లు వెలిగాయి. "ఆ ప్రాసెసర్ల సంగతి చెప్పలేదు" అన్నాడు సతీష్‌కుమార్. అదృష్టవంతుణ్ణి చెరిపేవాళ్లు లేరనుకుంటూ రాంప్రసాద్ జవాబు పంపించాడు.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. అభిలాష్ సెలెక్టయ్యాడు.

భోజనం దగ్గర రాంప్రసాద్ మనసు ఆగలేదు. "ఇవాళ ఒకాయన ప్రశ్నలడగడం విన్నాను. మా లైన్లో అందరూ మొద్దులే గానీ, ఆయన మాత్రం మొనగాడు. అలాంటివాళ్ల దగ్గర ఊడిగం చేసైనా పని నేర్చుకోవాలి. నీకు చెప్పినా అర్థం కాదులే."

"సర్లెండి, ముందా నెట్టు డబ్బా సంగతి చూడండి" అంది సాయిదుర్గ పప్పు వడ్డిస్తూ, "కరెంటు పోయి నేను ప్రశ్నలు టైపు చేసి పంపకపోయేసరికి, మా సారు పాపం ఏం అడగాలో తెలీక ఇంటర్వ్యూకొచ్చిన అబ్బాయిని మీ ఊళ్లో వానలు పడుతున్నాయా అని అడుగుతూ కూర్చున్నారంట."